మనవాళ్ళు గెలిచారా?

తెలుగులో ఉన్న సౌకర్యం ఇంగ్లీషులో లేదని నేను క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. తెలుగు మేష్టారు గనుక, జీతంకోసం చెబుతున్నాడనుకుంటారు కాబోలు. కాని ఒక్క మాట చూడండి. ఇంగ్లీషువాడికి ‘వుయ్’ అనే మాట ఒక్కటే ఉన్నది. మనకు ‘మేము’ ఉన్నది, ‘మనము’ ఉన్నది. ఎదుటివాణ్ణి వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడదలిస్తే ‘మేము’. లోపలికి రమ్మని పీట వేసి మాట్లాడదలిస్తే ‘మనము’. “మేం భోజనానికి వెడుతున్నాం” అంటే తమరు ఇంటికి దయచేయవచ్చునని అర్థం. “మనం భోజనానికి వెడుతున్నాం” అంటే చేతులు కడుక్కోవచ్చు.

ఈ సూక్ష్మాన్ని ఏ వ్యాకరణమూ చదవకుండానే క్షుణ్ణంగా గ్రహించినవాడు ఆటల అభిమాని. రాత్రి పదకొండు గంటలకు టీవీ కట్టేసి లేచి, “మనం గెలిచాం” అంటాడు. మర్నాడు అదే జట్టు బోర్లా పడితే, “వాళ్ళు ఓడిపోయారు, వెధవలు” అంటాడు. గెలిచినప్పుడు తానూ బేటు పట్టినట్లే. ఓడినప్పుడు తాను పక్కింటివాడు. నేను కూడా ఆ కులానికి చెందినవాణ్ణే గనుక, నాకూ కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి. ఆడినవాళ్ళకు ఉండేవి మోకాళ్ళ నొప్పులు. అభిప్రాయాలన్నీ చూసినవాళ్ళవే.

ఇది ఒక్క తెలుగువాళ్ళ గడుసుదనమే అనుకునేరు! అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే ప్రొఫెసరూ, ఆయన సహచరులూ 1976లోనే ఈ గుట్టు బయటపెట్టారు. ఏడు విశ్వవిద్యాలయాలలో సోమవారం సోమవారం క్లాసులకు వెళ్ళి, ఎంతమంది పిల్లలు తమ కాలేజీ పేరున్న దుస్తులు వేసుకువచ్చారో లెక్కపెట్టించారు. అంతకు ముందు జరిగిన ఫుట్‌బాలు ఆటలో కాలేజీ జట్టు గెలిచి ఉంటే ఆ దుస్తులు ఎక్కువగా కనిపించాయి, గెలవకపోతే తగ్గాయి. టెలిఫోను చేసి ఆట సంగతి అడిగిస్తే, గెలిచిన ఆటకు ‘వుయ్’ ఎక్కువసార్లు వచ్చింది, ఓడిన ఆటకు తక్కువసార్లు వచ్చింది. పాపం, ఉన్నది ఒక్క ‘వుయ్’ అయినా, దానితోనే వాళ్ళు మనం చేసే పనంతా చేసుకుంటున్నారు.

ఇక మన సంగతికి వద్దాం. 2008లో ఐ.పి.ఎల్. పుట్టినప్పుడు హైదరాబాదుకు డెక్కన్ చార్జర్స్ అనే జట్టు వచ్చింది. పధ్నాలుగు పోటీలలో రెండు గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం సంపాదించింది. ఆ వేసవిలో మా వీధిలో ఆ జట్టు పేరెత్తినవాడు లేడు. మరుసటి ఏడాది ఎన్నికల మూలంగా ఆటలన్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. అక్కడ ఇదే జట్టు కప్పు గెలుచుకున్నది! కెప్టెను ఆడం గిల్‌క్రిస్ట్, ఆస్ట్రేలియావాడు. ఆ రాత్రినుంచీ ఆయన మనవాడే. “ముఖంలో మన గోదావరి జిల్లా కళ ఉన్నదండీ, అల్లుడుగారూ!” అన్నారు మా మావగారు. మావగారితో వాదించడం మా ఇంట్లో ఆచారం కాదు.

2012లో ఆ జట్టు రద్దయింది. 2013లో దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది. యజమానులు చెన్నైవారు. 2016లో ఆ జట్టు కప్పు గెలిచినప్పుడు కెప్టెను డేవిడ్ వార్నరు. ఈయనదీ ఆస్ట్రేలియాయే. 2020లో లాక్‌డౌన్ నాడు లోకమంతా ఇళ్ళలో ముడుచుకు కూర్చుంటే, ఈయన ఆలుబిడ్డలతో కలిసి తెలుగు సినిమా పాటలకు చిందులు వేసి ఆ వీడియోలు అందరికీ చూపించాడు. 2025లో ఒక తెలుగు సినిమాలోనే కనిపించాడు. ఇంతకంటే మనవాడు కావడమెట్లా? రేషను కార్డు ఒక్కటే తక్కువ.

నడుమ ఏమయిందంటే, 2021లో అదే జట్టు ఆయన కెప్టెన్సీ తీసివేసి బయట కూర్చోబెట్టింది. 2022లో ఢిల్లీవాళ్ళు కొనుక్కున్నారు. ఆ ఏడాదే ఢిల్లీ పక్షాన వచ్చి, మనవాళ్ళ బౌలింగును చితకగొట్టి, 92 పరుగులు చేసి నాటౌటుగా నిలిచాడు. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. “మనవాళ్ళను కొడుతుంటే చప్పట్లేమిట్రా?” అని మావగారు కసిరారు. “కొట్టేది మనవాడే గదా, తాతయ్యా!” అన్నాడు వాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ నా వంక చూశారు. నేను మంచినీళ్ళకోసం వంటింట్లోకి వెళ్ళాను.

2024లో ఇంకా చిత్రం జరిగింది. ఏప్రిల్ నెలలో బెంగుళూరులో సన్‌రైజర్స్ ఇరవై ఓవర్లలో 3 వికెట్లకు 287 పరుగులు చేసింది. ఐ.పి.ఎల్.లో అప్పటికి అంత స్కోరు ఎవ్వరూ చేసి ఎరుగరు. మే నెలలో చెన్నైలో జరిగిన ఫైనలులో అదే జట్టు 113కు అందరూ ఔటయ్యారు. మా స్టాఫురూములో దీన్ని గురించి జరిగిన చర్చ వింటే వ్యాకరణం ఇట్టే బోధపడుతుంది: 287 మనం కొట్టాం, 113కు వాళ్ళు ఔటయ్యారు.

ఇప్పుడు వేలం సంగతి. మన దేశంలో వేలం పాటలు కొత్తవి కావు. చెరువులో చేపలు వేలం వేస్తారు. గుడిలో కొబ్బరిచిప్పలు వేలం వేస్తారు. హైదరాబాదు దగ్గర బాలాపూర్ వినాయకుడి లడ్డూను 1994లో 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో అది 30 లక్షల 1 వెయ్యి పలికింది. అయితే, లడ్డూ పాడుకున్నవాడు ఇంటికి తీసుకుపోయి నలుగురికీ తలా కాస్త పెడతాడు. క్రికెట్టు వేలంలో ఆ సౌలభ్యం లేదు. 2024 నవంబరు వేలంలో రిషభ్ పంత్‌ను లక్నోవాళ్ళు 27 కోట్లకు పాడుకున్నారు. 2025 పోటీలలో ఆయన మొత్తం 269 పరుగులు చేశాడు. కాగితం మీద భాగించి చూస్తే పరుగు ఒక్కింటికి పది లక్షల పైచిలుకు పడింది. ఈ లెక్క మా ఆవిడకు వినిపిస్తే, “వంకాయలు కిలో అరవై అంటే బేరమాడకుండా తెచ్చారు. వాళ్ళకు మీరు చెప్పేదేమిటి?” అన్నది. నిజమే, పంత్‌కైనా ఒక్కొక్కప్పుడు పరుగులు వస్తాయి. ఆ వంకాయల్లో సగం పుచ్చులు.

మా ఆవిడకు ఆటలన్నిటిలోనూ కబడ్డీ అంటేనే ఇష్టం. కారణం ఏమంటే, నలభై నిమిషాలలో అయిపోతుంది, వంట చెడదు. మన పల్లెల్లో ఇసుకలోనూ దుమ్ములోనూ ఆడిన చెడుగుడే, 2014లో ప్రో కబడ్డీ అనే పేరుతో దీపాల వెలుగులో, మెత్తని చాపమీదికి ఎక్కింది. కూతకు వెళ్ళినవాడికి ముప్పై సెకండ్లు గడువు. మన జట్టు తెలుగు టైటాన్స్. పేరుకు తెలుగేగాని, కుర్రాళ్ళలో హర్యానావాళ్ళు చాలామంది. విరామంలో కోచి చెప్పే హితవులు హర్యానా హిందీలో ఉంటాయి. తెలుగు మేష్టారుగా నాకిది కష్టమే గాని, 2022లో ఆ జట్టు ఆడిన 22 పోటీలలో 2 మాత్రమే గెలిచినప్పుడు, ఆ తిట్లు మన భాషలో లేకపోవడమే మేలనిపించింది.

ఆ రోజుల్లో కూడా వాళ్ళ ఆట వదలకుండా చూసిన అభిమానులున్నారు సుమండీ! పెళ్ళి సంబంధాలు వెతికే తండ్రికి కూడా అంత ఓర్పు ఉండదు. ఆ ఓర్పుకు ఫలమన్నట్లు 2025లో టైటాన్స్ ప్లేఆఫ్ దాకా వచ్చింది. అప్పటిదాకా ‘వాళ్ళు’గా ఉన్నవాళ్ళు మా వీధిలో వారం తిరక్కుండా ‘మనవాళ్ళు’ అయిపోయారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఫుట్‌బాలు దగ్గరికి వచ్చేసరికి నవ్వు కొంచెం తగ్గుతుంది.

1950నుంచి 1954దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి ఉపాధ్యాయుడు. మా కులంవాడని కొంచెం గర్వంగానే చెబుతున్నాను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ క్రీడలలో స్వర్ణపతకం తెచ్చింది. మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో పలువురు హైదరాబాదు కుర్రాళ్ళు. వాళ్ళను ఎవరూ వేలంలో పాడలేదు. ఆట అయ్యాక సైకిలెక్కి అదే ఊళ్ళో ఇంటికి పోయినవాళ్ళు.

తరవాత చాలా ఏళ్ళకు, 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. పూణేలో మూతపడిన ఒక జట్టు స్థానంలో వచ్చింది. పూణేవాళ్ళ ఏడుపు అప్పుడు మనకు వినిపించలేదు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనలులో పెనాల్టీలమీద గెలిచి ఐ.ఎస్.ఎల్. కప్పు తెచ్చింది. ఊళ్ళో ఫుట్‌బాలు మళ్ళీ బతికిందనుకున్నారు పాతవాళ్ళు. 2025లో ఆ జట్టు సామాను సర్దుకుని ఢిల్లీకి వెళ్ళి పేరు కూడా మార్చుకున్నది. అద్దెకున్నవాళ్ళయినా ఖాళీ చేసే ముందు ఇరుగుపొరుగులకు చెప్పి పోతారు. ఈ జట్టు గెలిస్తే ఎగిరి గంతులు వేసినవాళ్ళను, “పోయి రామా?” అని అడిగిన నాథుడు లేడు.

మన ‘మనం’ ఎంత ఏకపక్షపు మాటో అప్పుడు తెలుస్తుంది. అభిమాని యజమానిని ‘మనం’ అంటాడు. యజమాని మాత్రం ‘మేము’ అనే అనుకుంటాడు. చొక్కా మనం కొనుక్కుంటాం, జట్టు వాళ్ళు అమ్ముకుంటారు.

“అయితే కాలేజీ ఆటలున్నాయి గదా, అక్కడ కొనడాలూ అమ్మడాలూ ఉండవు” అంటారేమో. అమెరికా వెళ్ళి చూడండి. వెళ్ళనక్కరలేదు, మన రైతుబజారుకు వెళ్ళినా చాలును. పిల్లలు అక్కడ చదువుతున్నారు గనుక, మిచిగన్ అనీ టెక్సస్ అనీ రాసి ఉన్న బనీన్లు తొడుక్కుని మన పెద్దవాళ్ళు బెండకాయలు ఏరుతూ కనిపిస్తారు. మిచిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు మైదానంలో లక్షా ఏడువేల మందికి పైగా కూర్చునే చోటున్నది. అంత జనం చూసే ఆట ఆడే పిల్లలకు చిరకాలం చదువు ఖర్చులు తప్ప పైసా ముట్టకూడదని నియమం ఉండేది. 2021లో వాళ్ళు తమ పేరుమీద, బొమ్మమీద సంపాదించుకోవచ్చునన్నారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకు సొమ్ము ఇవ్వవచ్చు. మొదటి ఏడాదికి కాలేజీ ఒక్కింటికి పరిమితి సుమారు రెండుకోట్ల అయిదు లక్షల డాలర్లు. ఆడే పిల్లలకు న్యాయం జరిగింది, కాదనను. కాని, ఎక్కువ సొమ్మిచ్చే కాలేజీకి ఏటేటా మారిపోయే కుర్రాళ్ళను చూసి, అక్కడి పాత విద్యార్థులు కూడా ‘మనవాడు’ అనేముందు ఒక క్షణం ఆగుతున్నారు.

మన కాలేజీల ఆటకు ఆ బెంగ లేదు. కొనేవాడు లేడు, చూసేవాడూ లేడు.

చరిత్ర లేదనకండి. విశ్వవిద్యాలయాల క్రికెట్టుకు రోహింటన్ బారియా ట్రోఫీ 1935 – 36 నుంచీ ఉన్నది. బొంబాయి విశ్వవిద్యాలయం పక్షాన అందులో ఆడినవాడే సునీల్ గవాస్కర్. అంతర విశ్వవిద్యాలయాల క్రికెట్టులోనే మరొక కప్పుకు మన విజయనగరం రాజవంశపు ‘విజ్జీ’గారి పేరు పెట్టారు. ఆయన 1936లో భారత జట్టుకు కెప్టెనుగా ఇంగ్లండు వెళ్ళి, మూడు టెస్టులలో కలిపి 33 పరుగులు చేశాడు. ఆ పదవికి ఆటకంటే పలుకుబడే ఎక్కువ తోడ్పడిందని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. పోనీలెండి, ఆయన పేరున్న కప్పుకోసం తరవాతి తరాల పిల్లలు ఆటతోనే పోటీ పడ్డారు.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి తలుచుకోండి. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023 ఆగస్టులో చైనాలో, చెంగ్‌డూలో జరిగిన విశ్వవిద్యాలయాల ప్రపంచ క్రీడలలో నూరు మీటర్ల హర్డిల్సు 12.78 సెకండ్లలో పరుగెత్తి కాంస్యపతకం గెలిచింది. జాతీయ రికార్డు. ఆ రోజు మన ఇళ్ళలో ఎన్ని టీవీలు ఆ పరుగు చూపించాయో మీరే చెప్పండి. 2025 మేలో దక్షిణ కొరియాలో, గుమిలో, ఆసియా ఛాంపియన్‌షిప్పు స్వర్ణం గెలిచినప్పుడు వానవల్ల ఆట ఆలస్యమై, గ్యాలరీలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. పతాకం వెనక ఖాళీ కుర్చీలు కనిపిస్తుండగా ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటున్న వీడియోను తరవాత లక్షలమంది చూశారు. చూసినవాళ్ళందరూ, “మన అమ్మాయి!” అన్నారు. అనవలసిందే. కాని పరుగెత్తేటప్పుడు ఆ మాట అనడానికి అక్కడ మనిషి లేడు.

కొరియా దూరమనుకుంటే, మా కాలేజీ మైదానం దగ్గరే. మైదానంలో మూడోవంతు సభల రోజున కార్లు నిలబడడానికి పోయింది. మిగిలినదాంట్లో వాలీబాలు కోర్టున్నది. నెట్టు ఒకవైపు ఇనుపస్తంభానికీ మరొకవైపు వేపచెట్టుకూ కట్టి ఉంటుంది. మొన్న అక్కడ అంతర కళాశాలల ఆడపిల్లల పోటీ జరిగింది. మా పి.డి.గారు మొహమాటపెడితే వెళ్ళాను. ప్రేక్షకులు నలుగురు: నేను, పి.డి.గారు, పల్లీల బండి అతను, వేపచెట్టు నీడకు వచ్చిన ఒక మేక. పల్లీలు కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మా జట్టు నాయకురాలు బి.ఏ. రెండో ఏడు చదువుతున్నది. నా క్లాసులో గుణసంధికీ వృద్ధిసంధికీ తేడా చెప్పమంటే కప్పువంక చూసే పిల్ల. కోర్టులో చూస్తే నేను నోరు తెరిచాను. నెట్టు మీదుగా లేచి బంతిని కొడితే, అది అవతల ఎక్కడ పడాలని ఆ పిల్ల అనుకుంటుందో అక్కడే పడుతున్నది. ఇరవై కిలోమీటర్ల అవతలి పల్లెనుంచి మొదటి బస్సులో వచ్చి, ఆరు గంటలకల్లా సాధన మొదలుపెడుతుందట. అయిదో సెట్టుదాకా లాగారు. 15 – 13తో ఓడిపోయారు.

ఆ పిల్ల మోచేతులకంటిన మట్టి దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, “మనం ఓడిపోయాం, మేష్టారూ” అన్నది.

నేను ఉలిక్కిపడ్డాను. ‘మేం ఓడిపోయాం’ అనవచ్చు. అనే హక్కు ఆ పిల్లకున్నది. కింద పడ్డది తాను, మోకాలు గీరుకున్నది తాను. నేను చేసిన సేవ పల్లీలు తినడం. అయినా పీట వేసి కూర్చోబెట్టింది. ఓడినప్పుడు ‘మనం’ అనడం ఇన్నేళ్ళ అభిమానంలో నేను వినడం అదే మొదలు.

ఇంతలో పి.డి.గారు చెవిలో ఒక మాట వేశారు. వచ్చే ఏడు ఆ పిల్ల ఆడదట. ఆడపిల్లకు ఆటలేమిటి, ఎండలో నల్లబడితే రేపు సంబంధాలెట్లా అని ఇంట్లో మాన్పిస్తున్నారట. తండ్రికి ఊళ్ళో కిరాణా కొట్టున్నది. నాకు పరిచయస్థుడే. పోయినసారి కొట్లో కలిసినప్పుడు, సన్‌రైజర్స్‌వాళ్ళు కమిన్సును 20 కోట్ల 50 లక్షలు పోసి ఎందుకు కొనవలసివచ్చిందో అరగంట వివరించాడు. కూతురు జట్టులో ఏ చోట నిలబడి ఆడుతుందో మాత్రం ఆయనకు తెలియదు. ఒక్కసారైనా చూస్తే గదా!

చూసినవాడు మాన్పించలేడని నా నమ్మకం. నిధులూ మైదానాలూ ప్రభుత్వం ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగాలి. కాని, కూర్చుని చూసే మనిషిని ఏ ప్రభుత్వమూ మంజూరు చెయ్యలేదు. దానికి మనమే పోవాలి. మీ ఊళ్ళోనూ ఒక కాలేజీ ఉంటుంది. శనివారం సాయంకాలం అక్కడ ఎవరో పిల్లలు ఏదో ఆడుతూనే ఉంటారు. టిక్కెట్టు లేదు. కుర్చీ కూడా లేదు లెండి, చాప తీసుకువెళ్ళండి. ప్రకటనల బాధ లేదు. ఆట మధ్యలో ఎవరూ మీకు పాన్‌మసాలా అమ్మరు.

నేను ఆ తండ్రికి టెలిఫోను చేసి, వచ్చే శనివారం పక్క ఊరి కాలేజీతో పోటీ ఉన్నదని చెప్పాను. కొట్టు కట్టెయ్యడం కష్టమన్నాడు. బేరాల వేళన్నాడు. సరేనని నేను పెట్టెయ్యబోతుంటే, కాస్త ఆగి గొంతు తగ్గించి అడిగాడు:

“మనవాళ్ళు గెలుస్తారంటారా, మేష్టారూ?”